సిలికానా, సెలైనా, అసలేమీ వద్దా?

"సైజెంత అనుకుంటున్నారు?"

ప్లాస్టిక్ సర్జన్ నన్నడిగిన మొదటి ప్రశ్న ఇదే. నాకు రొమ్ము క్యాన్సర్ అని తెలిసి అప్పటికి సరిగ్గా పదకొండు రోజులు. ఎడమవైపు మొత్తం తీసెయ్యాల్సిందేనని క్యాన్సర్ సర్జన్ తేల్చి చెప్పి మూడు రోజులు. ఆయన బల్ల మీద మూడు ముద్దలు పెట్టి "పట్టుకుని చూడండి, ఫర్లేదు" అన్నాడు. రైతుబజార్లో మామిడిపళ్ళు నొక్కి చూసినట్టు నేనూ, మా ఆయనా ఒక్కోటీ నొక్కి చూశాం. ఒకటి మెత్తగా ఉంది, ఇంకోటి కాస్త గట్టిగా ఉంది, మూడోది నీళ్ళ సంచిలా కదులుతోంది. ఇంకేమనాలో తెలీక "బాగున్నాయండీ" అన్నాను.

నేను పదమూడేళ్ళుగా సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. కొత్త క్లయింటు దగ్గరికి వెళ్ళగానే "సర్వర్ ఎంత పెద్దది కావాలి?" అని మొదలుపెడితే మర్నాడే నన్ను తిరుగు విమానం ఎక్కించేస్తారు. ముందు అడగాల్సింది "మీ ఇబ్బందేమిటి? మీకిది అసలు కావాలా?" అని. ఆ మాట ఆయన అడగలేదు. చెడ్డవాడేం కాదు, మంచి పనిమంతుడే. ముప్ఫై ఏడేళ్ళ మనిషి, రొమ్ము తీసేస్తున్నారు, ఇంప్లాంట్ పెట్టించుకోక ఏం చేస్తుందిలే అనుకున్నాడు, అంతే.

ఆ రాత్రి తెనాలికి ఫోన్ చేశాను. అమ్మ కాసేపు ఏడ్చి, ముక్కు చీదుకుని, "ప్రాణం దక్కితే చాలు తల్లీ. ఇద్దరు పిల్లల తల్లివి, నీకింకా అవన్నీ ఎందుకే? ఎవరు చూడొచ్చారు?" అంది. అమ్మదీ చెడ్డ మనసు కాదు. ఇంకో ఆపరేషన్, ఇంకో మత్తుమందు అంటే భయం ఆవిడకి.

భూగోళానికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. ఒకరు "కావాలి" అని తీర్మానించేశారు, ఇంకొకరు "అక్కర్లేదు" అని. నన్ను మాత్రం ఇద్దరూ అడగలేదు. ఈ టపా రాస్తున్నది ఇంప్లాంట్లు మంచివా చెడ్డవా అని తీర్పు చెప్పడానికి కాదు. ఉన్న దారులన్నీ ఆ మనిషికి చెప్పి, ఆ తర్వాత నోరు మూసుకోవడం మన బాధ్యత అని చెప్పడానికి.

మా పిన్ని సంగతి చెప్తాను. పదహారేళ్ళ క్రితం గుంటూర్లో ఆవిడకి ఆపరేషన్ అయింది, కుడివైపు తీసేశారు. నేను ఎమ్మెస్ పూర్తి చేసి ఉద్యోగంలో చేరాక తొలిసారి ఇంటికెళ్ళినప్పుడు ఎవరిదో పెళ్ళి. ముస్తాబవుతూ పిన్ని జాకెట్టు లోపల పాత నూలు చీర ముక్కొకటి నాలుగు మడతలు పెట్టి, పిన్నీసుతో గుచ్చుకుంటోంది. "ఇదేంటి పిన్నీ?" అంటే, "ఇది లేకపోతే పైట నిలవదు బంగారూ" అని నవ్వింది. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. ఇన్నేళ్ళలో ఆవిడకి ఇంకో మార్గం ఉందని ఒక్కరూ చెప్పలేదు. ఆపరేషన్ చేసిన వాళ్ళు చెప్పలేదు, చుట్టాల్లో ఉన్న డాక్టర్లు చెప్పలేదు, అమెరికాలో ఉన్న నేనూ చెప్పలేదు. నా దాకా వస్తే గానీ నాకూ తెలీలేదు.

నేను చదివి, అడిగి తెలుసుకున్నంతలో దారులు నాలుగు.

మొదటిది, ఏమీ పెట్టించుకోకపోవడం. ఇది "ఏమీ చెయ్యకపోవడం" కాదు. చర్మం మడతలు, ముద్దలు మిగలకుండా ఛాతీని చదునుగా, శుభ్రంగా కుట్టడానికి కూడా పనితనం కావాలి. దీనికి ఇక్కడ "ఈస్తటిక్ ఫ్లాట్ క్లోజర్" అని పేరు. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఈ మాటని తన పదకోశంలో చేర్చింది 2020లో. పేరు లేని దాన్ని అడగడం కష్టం కదా, అందుకే పేరు రాశాను.

రెండోది, బయట పెట్టుకునేది. ప్రత్యేకంగా కుట్టిన బ్రా జేబులో సిలికాన్ అచ్చు పెట్టుకోవడం. రెండోవైపుకి సరిపోయే బరువుంటుంది కాబట్టి భుజం ఒక పక్కకి లాగదు. తేలిగ్గా ఉండాలంటే నూలుతో అల్లినవీ దొరుకుతాయి. కోత లేదు, మత్తు లేదు, నచ్చకపోతే తీసి బీరువాలో పెట్టుకోవచ్చు.

మూడోది, మన ఒంట్లోదే తీసి పెట్టడం. ఎక్కువగా పొత్తికడుపు దగ్గరి చర్మం, కొవ్వు తీసి, దాని రక్తనాళాలని మైక్రోస్కోపు కింద ఛాతీ దగ్గరి నాళాలకి కలుపుతారు. డీప్ ఫ్లాప్ అంటారు. పాత పద్ధతి అయిన ట్రామ్ ఫ్లాప్‌లో పొట్ట కండరం కూడా పోయేది, ఇందులో కండరాన్ని వదిలేస్తారు. వీపు కండరం వాడే పద్ధతి ఇంకోటుంది. ఒకసారి కుదురుకుంటే అది మన ఒళ్ళే, పగిలేది కాదు, మార్చేది కాదు. కానీ ఆపరేషన్ చాలా గంటలు పడుతుంది, పొట్ట మీద ఈ చివర నించి ఆ చివరకి ఇంకో కోత, కోలుకోవడానికి వారాలు. ఒంట్లో సరిపడా కొవ్వూ ఉండాలి. నా పొట్టలో సరిపోదని చెప్తే మా ఆయన ఆశగా "నా పొట్టలోంచి తీసుకోవచ్చా?" అనడిగాడు. ఆ పదకొండు రోజుల్లో నేను నవ్వింది అప్పుడొక్కసారే :-)

నాలుగోది ఇంప్లాంట్. మన వాళ్ళకి దీని గురించి తెలిసినట్టే ఉంటుంది గానీ తెలిసేది తక్కువ. అందుకని కాస్త వివరంగా రాస్తాను.

లోపలుండే సరుకుని బట్టి రెండు రకాలు: సెలైన్, సిలికాన్ జెల్. పై తొడుగు రెండింటికీ సిలికానే. సెలైన్ అంటే ఉప్పునీళ్ళు. చిరిగితే నీళ్ళు ఒంట్లో ఇంకిపోతాయి, ప్రమాదం లేదు, కొద్దిరోజుల్లోనే ఆ పక్క చప్పబడిపోతుంది కాబట్టి మనకే తెలిసిపోతుంది. అయితే చర్మం పల్చగా ఉన్నచోట అలలు అలలుగా ముడతలు కనిపించొచ్చు. సిలికాన్ జెల్ చేతికి సహజంగా తగుల్తుంది. కానీ అది చిరిగితే పైకి ఏమీ తెలియకపోవచ్చు. మా భాషలో చెప్పాలంటే, ఎర్రర్ మెసేజీ ఇవ్వకుండా ఫెయిలయ్యే ప్రోగ్రాం. అందుకే సిలికాన్ వాళ్ళు అయిదారేళ్ళకొకసారి, ఆ తర్వాత ప్రతి రెండు మూడేళ్ళకి అల్ట్రాసౌండో ఎమ్మారైయో తీయించుకోమని ఎఫ్‌డీయే చెప్తుంది.

పై తొడుగు నున్నగా ఉండేవి, గరుకుగా ఉండేవి అని ఇంకో తేడా. ఇది చిన్న విషయం కాదు. ఇంప్లాంటు చుట్టూ ఏర్పడే పొరలో ఒక రకం లింఫోమా వచ్చే అవకాశం ఉందని ఎఫ్‌డీయే 2011లో హెచ్చరించింది. అది రొమ్ము క్యాన్సర్ కాదు, రోగనిరోధక కణాలకి వచ్చే క్యాన్సర్. అరుదు, కానీ ఎక్కువగా గరుకు రకంతోనే కనిపించింది. 2019 జులైలో అలర్గాన్ కంపెనీ బయోసెల్ అనే గరుకు రకాన్ని ప్రపంచమంతా వెనక్కి తీసుకుంది. పెట్టించుకున్న చాలా ఏళ్ళకి ఆ పక్క ఉన్నట్టుండి వాచడం దాని ముఖ్య లక్షణం. ఇంప్లాంటూ, పొరా పూర్తిగా తీసేస్తే త్వరగా కనిపెట్టిన వాళ్ళలో చాలామందికి నయమవుతుంది. అందుకని ఇండియాలో గానీ ఇక్కడ గానీ ఎప్పుడో పెట్టించుకున్న వాళ్ళుంటే, తమది ఏ కంపెనీదో, నున్నటిదో గరుకుదో ఒకసారి కాగితాలు తీసి చూసుకోండి.

ఇక అందరికీ తెలియాల్సిన మాట ఒకటి: ఇంప్లాంటు జీవితాంతం ఉండేది కాదు. పదేళ్ళు రావచ్చు, ఇరవై రావచ్చు, రెండేళ్ళకే తీసెయ్యాల్సి రావచ్చు. ఒళ్ళు దాని చుట్టూ ఒక పొర కట్టుకుంటుంది. కొందరిలో ఆ పొర బిగుసుకుపోయి రాయిలా అయి నొప్పి పెడుతుంది. రేడియేషన్ తీసుకున్న వాళ్ళలో ఇది ఇంకా ఎక్కువ. కాబట్టి రేడియేషన్ ఉంటుందా లేదా అన్నది తేలకుండా "ఏ ఇంప్లాంటు?" అని మాట్లాడుకోవడం పునాది తియ్యకుండా రంగులు ఎంచుకోవడం లాంటిది. ఇవి కాక, విపరీతమైన నీరసం, కీళ్ళ నొప్పులు, మతిమరుపు వచ్చాయని చెప్పే ఆడవాళ్ళున్నారు. కారణం ఇంకా తేలలేదు. తీయించుకున్నాక కొందరికి తగ్గింది. "అంతా మీ భ్రమ" అని వాళ్ళని పంపించెయ్యడం మాత్రం తప్పు.

ఇదంతా అనుమానంతో అడిగి తెలుసుకోవాల్సిన అవసరం ఎందుకంటే, ఈ వస్తువు చరిత్ర అలాంటిది. మొదటి సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టింది 1962లో, టెక్సస్‌లో, హ్యూస్టన్‌లో. ఆవిడ పేరు టిమ్మీ జీన్ లిండ్సీ, ఆరుగురు పిల్లల తల్లి. పచ్చబొట్లు తీయించుకోడానికని ఆస్పత్రికి వెళ్తే, డాక్టర్లు ఈ కొత్త ప్రయోగానికి ఒప్పుకుంటావా అన్నారు. ఆవిడ మనసులో ఉన్నది ముందుకి పొడుచుకొచ్చిన చెవులు సరి చేయించుకోవాలని. చెవులు కూడా చేస్తామంటే సరేనంది! అరవై ఏళ్ళు దాటినా, మన ముందున్న బల్ల మీద అదే ప్రశ్న: ఎవరికి కావలసింది ఎవరు అడుగుతున్నారు?

ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు అవి సరైన పరీక్షల రుజువు అడక్కుండానే అమ్ముడయ్యాయి. 1992లో ఎఫ్‌డీయే సిలికాన్ జెల్ రకాన్ని, క్యాన్సర్ తర్వాత పెట్టేవాటికీ పరిశోధనలకీ తప్ప, ఆపేసింది. దావాల బరువుకి డౌ కార్నింగ్ కంపెనీ 1995లో దివాళా పిటిషన్ వేసింది. 1999లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ కమిటీ, వీటివల్ల ఒళ్ళంతా వ్యాపించే జబ్బులొస్తాయనడానికి ఆధారం లేదనీ, చిరగడం, బిగుసుకోవడం, మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు మాత్రం నిజమైన సమస్యేననీ చెప్పింది. 2006లో మళ్ళీ అనుమతి ఇచ్చారు. ఫ్రాన్సులో పీఐపీ అనే కంపెనీ అయితే వైద్యానికి అనుమతిలేని చవకరకం సిలికాన్ నింపి అమ్మేసింది. తనిఖీకి వచ్చేవాళ్ళు ముందే చెప్పి వచ్చేవారు, వీళ్ళు ఆ సరుకు దాచేసేవారు. డెమోకి ఒక బిల్డు, ప్రొడక్షన్‌కి ఇంకో బిల్డు! 2010లో బయటపడింది, 2013లో యజమానికి జైలు శిక్ష పడింది. ఇన్ని జరిగాక, 2021లో ఎఫ్‌డీయే ఇంప్లాంట్లకి నల్ల పెట్టె హెచ్చరికా, రోగి ఒక్కొక్క వాక్యం చదివి సంతకం పెట్టాల్సిన పట్టికా తప్పనిసరి చేసింది. మీకు ఆ పట్టిక ఇచ్చి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ సంతకం" అంటే ఇంటికి తీసుకెళ్ళి చదివి తెస్తానని చెప్పండి. నేను చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు.

డబ్బు సంగతి. అమెరికాలో ఉద్యోగం ద్వారా వచ్చే ఇన్సూరెన్సు రొమ్ము తీసేసే ఆపరేషన్‌కి డబ్బిస్తే, 1998 నాటి చట్టం ప్రకారం తిరిగి నిర్మించడానికీ, రెండోవైపుని దానికి సమానంగా చెయ్యడానికీ, బయట పెట్టుకునే అచ్చులకీ, తర్వాత వచ్చే ఇబ్బందులకీ కూడా ఇవ్వాలి. డిడక్టిబుళ్ళూ, కోపేలూ మామూలే. ఈ సంగతి ప్రతి ఏడూ మన మెయిల్‌బాక్సులో పడే ఇన్సూరెన్సు కాగితాల్లో ఒక పేరాగా వస్తుంది. నేను పదేళ్ళు చదవకుండా చింపేశాను. ఇండియాలో ఇలాంటి చట్టం లేదు. కానీ అక్కడి ఆరోగ్య బీమా పాలసీల్లో "కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీకి ఇవ్వం" అనే షరతులోనే, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి మినహాయింపు ఉంటుంది. మొదటి ముక్క మాత్రమే చదివి "రాదండీ" అనే ఏజెంట్లుంటారు. రెండో ముక్క కూడా చదివించండి.

ఇక నా సంగతి. లింఫ్ గ్రంథుల్లోకి పాకలేదు, రేడియేషన్ అక్కర్లేదన్నారు. పొట్టలో సరుకు లేదు. నేను ఇంప్లాంటే ఎంచుకున్నాను. నున్నటిది, సిలికాన్ జెల్. సర్జన్ దగ్గరికి రెండోసారి వెళ్ళినప్పుడు పదిహేడు ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్ళాను. ఆయన ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పాడు. అడిగితే చెప్తారు, అడక్కపోతే సైజు అడుగుతారు. ఇంప్లాంటుకి ఊతంగా కుట్టే పొర దేంతో చేస్తారని కూడా అడిగాను. కొన్ని దానమిచ్చిన మనుషుల చర్మంతో, కొన్ని పంది చర్మంతో, కొన్ని ఆవు చర్మంతో చేస్తారట. మన వాళ్ళలో చాలామందికి ఇది పట్టింపే. ఆపరేషన్ అయ్యాక తెలిసి బాధపడేకంటే ముందే అడగడం మేలు.

ముందు ఎక్స్‌పాండర్ అనే ఖాళీ సంచి పెట్టి, రెండు వారాలకొకసారి సూదితో ఉప్పునీళ్ళు ఎక్కిస్తూ చర్మాన్ని సాగదీశారు. ఎక్కించిన రోజు ఛాతీ మీద రోలు పెట్టినట్టుండేది. దానిలో అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఎమ్మారై తియ్యకూడదన్నారు, విమానాశ్రయంలో చూపించడానికి ఒక కార్డిచ్చారు. నాలుగు నెలల తర్వాత అసలుది పెట్టారు. ఆపరేషన్‌కి అమ్మ వచ్చింది. డ్రెయిన్లలో పడ్డ నీరు ఎన్ని మిల్లీలీటర్లో పూటపూటా పిల్లల నోటుపుస్తకంలో రాసింది. ఒకరోజు ఆ పుస్తకం మూసేసి, "ఇంతకీ నీకేం కావాలనిపించిందే? నేనప్పుడు అడగనేలేదు" అంది. నేను చెప్పాను: "అద్దంలో చూసుకున్నప్పుడల్లా జబ్బు గుర్తు రాకూడదనిపించిందమ్మా." "సరే అయితే" అంది. అంతకంటే ఆవిడ నాకు ఇవ్వగలిగింది లేదు.

బాగుందా అంటే, చీరలో బాగుంటుంది. పడుకుంటే ఒకటి పక్కకి ఒరుగుతుంది, ఇంకోటి ఒరగదు. ఎవరూ ముందు సరిగ్గా చెప్పనిది ఒకటుంది: స్పర్శ తెలీదు. మా పాప ఎడమవైపు తలానించి నిద్రపోతే నాకు బరువు తెలుస్తుంది గానీ వెచ్చదనం తెలీదు. అందుకని కుడివైపుకి మార్చుకుంటాను. ఇది ముందే తెలిసుంటే వేరే నిర్ణయం తీసుకునేదాన్నా? తీసుకునేదాన్ని కాదనుకుంటాను. కానీ తెలిసి తీసుకునేదాన్ని.

జబ్బేమీ లేకుండా తమ ఇష్టానికి పెట్టించుకునే వాళ్ళ గురించి ఒక్క మాట. మన పార్టీల్లో ఏ హీరోయిన్ గురించో "అంతా సిలికానే" అని నవ్వుకోవడం నేనూ విన్నాను, నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వలేను. ఇష్టం వాళ్ళది. తెలుసుకోవాల్సినవి మాత్రం వాళ్ళకీ ఇవే, ఇంకో మూడు ఎక్కువ. అమెరికాలో అందం కోసం సెలైన్‌కి 18 ఏళ్ళు, సిలికాన్‌కి 22 ఏళ్ళు నిండాలి. మామోగ్రాం తీసేవాళ్ళకి ముందే చెప్పాలి, ప్రత్యేక కోణాల్లో తియ్యాల్సి ఉంటుంది. మొదటి ఆపరేషన్ ఖర్చే కాదు, తర్వాత మార్చే ఖర్చూ సాధారణంగా చేతి నించే. ఈ మాటలు ఎగతాళి లేకుండా చెప్పే ఒక అక్కో, వదినో ఉంటే చాలు.

పోయినేడు తెనాలి వెళ్ళినప్పుడు పిన్నికి ఒక సిలికాన్ అచ్చు, రెండు బ్రాలు తీసుకెళ్ళాను. సూట్‌కేసులో పచ్చళ్ళు తెచ్చుకునే చోట ఇవి పెట్టుకెళ్ళాను. తలుపేసుకుని వేసుకుని చూసుకుంది. చాలాసేపు అద్దం ముందే నిలబడింది. "పదహారేళ్ళ కిందట చెప్పుంటే బాగుండేదే" అంది. నా దగ్గర జవాబు లేదు.

రెండు నెలల తర్వాత ఫోన్లో ఎలా ఉందని అడిగితే, "పెళ్ళిళ్ళకి పెట్టుకుంటున్నా బంగారూ. ఇంట్లో మాత్రం ఉక్క పోస్తోంది, నా నూలు గుడ్డే హాయి" అంది.

మళ్ళీ అదే గుడ్డ. కానీ ఈసారి బీరువాలో రెండోది కూడా ఉంది. నేను చెప్పదల్చుకున్నది అంతే. మీ ఇంట్లో, మీ చుట్టాల్లో ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే, నాలుగు దారులూ చెప్పండి. చెప్పి, "నీకేం కావాలి?" అని అడగండి.